గుండెకు ఏ పరీక్ష? ఎవరికి? ఎప్పుడు?

ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు కాంటా అయి తక్‌పట్టీ చేతికి వచ్చిన రోజునే మన రైతు దగ్గర నాలుగు డబ్బులు కనిపిస్తాయి. అప్పులకు పోగా మిగిలిన దాంట్లోనే ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు చూసుకోవాలి. ఏడాది పొడుగునా రేపు మాపు అంటూ వాయిదా వేసిన ఒంటి బాధలు కూడా ఆ డబ్బుతోనే చూపించుకోవాలి. "ఎట్లాగూ వరంగల్ వచ్చినం, గుండె సుత చూపించుకొని పోదాం" అని మట్టెవాడ దారి పట్టేది అందుకే. ఎంజీఎం ఆసుపత్రి అక్కడే ఉంది. చుట్టుపక్కల దవాఖానాలకు, ల్యాబులకు కొదవ లేదు.

తీరా వెళ్లాక ఎదురయ్యేది ఒక పేర్ల చిట్టా. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ, లిపిడ్ ప్రొఫైల్, సీటీ యాంజియో. "విడివిడిగా అయితే ఖర్చెక్కువ, ప్యాకేజీ తీసుకుంటే కలిసొస్తుంది" అనే మాట వరంగల్లోనే కాదు, ఏ పట్టణంలోనైనా వినబడేదే. రైతు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "వీటిల్ల మంచి పరీక్ష ఏది?"

పురుగుమందుల దుకాణానికి వెళ్లి "మంచి మందు ఏది?" అని అడిగితే తెలిసిన వ్యవసాయాధికారి ఏమంటాడు? ఏ పైరు, ఏ పురుగు, ఎన్ని రోజుల పంట అని ఎదురు ప్రశ్న వేస్తాడు. గుండె పరీక్షల సంగతీ అంతే. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి కావలసిన పరీక్షలు వేరు. నడిస్తే ఛాతీ పట్టేసే మనిషికి కావలసినవి వేరు. ఈ నిమిషంలో నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి కావలసింది పూర్తిగా వేరు. ఈ తేడా తెలియకపోతే బాగున్నవాడు వేలు పోసి అక్కరలేని పరీక్షలు చేయించుకుంటాడు, ప్రాణం మీదికి వచ్చినవాడు సోడా తాగి పడుకుంటాడు. పల్లెల్లో రెండూ జరుగుతున్నాయి.

కష్టజీవికి గుండె జబ్బు రాదా?

"నాగలి పట్టినోళ్లకు గుండె జబ్బులేంది? అవి కూసుండి తినేటోళ్లకు వచ్చేటివి" అన్న మాట ఊళ్లల్లో ఇంకా వినిపిస్తుంది. ఈ మాట తప్పని మన తెలుగు పల్లెలే చూపించాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003, 2004 సంవత్సరాల్లో ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకూ కారణం ఏమిటని ఇంటింటికీ వెళ్లి విచారించారు. 2006లో వెలువడిన ఆ లెక్క ప్రకారం నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అందులో గుండెపోటు, పక్షవాతం దాదాపు సమానం. అంటువ్యాధులు, ప్రమాదాలు ఆ తర్వాతే. చనిపోయినవాళ్లు నగరాల్లో మేడల్లో ఉండేవారు కాదు, పల్లెవాసులు.

కారణాలు వెతకడానికి దూరం పోనక్కరలేదు. బీడీ, చుట్ట, అంబర్, గుట్కా ఉన్నాయి. మూడు పూటలా పచ్చడి, ఊరగాయల్లోని ఉప్పు ఉంది. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చెంచాకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దున్నడం ట్రాక్టరు చేతికి, కోత హార్వెస్టరు చేతికి వెళ్లాక ఒళ్లు వంచే రోజులు కూడా తగ్గాయి. కట్టెల పొయ్యి పొగ పీల్చే ఆడవాళ్ల గుండెకూ చేటు ఉంది. వీటన్నిటికీ తోడు బీపీ, షుగరు. ఈ రెండూ ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా లోపల్లోపల పని చేస్తాయి.

గుండె కండకు రక్తం తీసుకుపోయే నాళాలు డ్రిప్పు లేటరల్ పైపుల్లాంటివి. పైపులో ఉప్పు పేరుకున్నట్టు నాళం లోపలి గోడలో కొవ్వు పేరుకుంటుంది. అయితే డ్రిప్పుకూ గుండెకూ ఒక తేడా ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి. నాళం నిండా పూడుకుపోయాకే గుండెపోటు వస్తుందని లేదు. కొంచెమే అడ్డం ఉన్నచోట కూడా ఆ కొవ్వు పొర ఒక్కసారిగా చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో దారి మూసుకుపోవచ్చు. అందుకే నిన్న పరీక్షలన్నీ బాగున్న మనిషికి ఇవాళ గుండెపోటు రావడం వింతేమీ కాదు. "మొన్ననే ఈసీజీ తీసిండ్రు, మంచిగనే ఉన్నదన్నరు, ఇంతల్నే ఇట్లయింది" అని ఇంటివాళ్లు ఏడుస్తారు. ఈసీజీ అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగకూడని ప్రశ్న మనం అడిగాం.

బాధ లేనివాళ్లకు: ముందు చేతికి పట్టీ

ఏ బాధా లేదు, అయినా ముందుముందు ముప్పు ఉందేమో తెలుసుకోవాలి అనుకునేవారికి మొదటి పరీక్ష బీపీ చూపించుకోవడం. చేతికి పట్టీ కట్టి గాలి కొట్టే ఈ చిన్న పరీక్షను చిన్నచూపు చూడవద్దు. పదివేల ప్యాకేజీలో ఉండే పరీక్షలన్నిటికంటే బాధ లేని మనిషికి ఎక్కువ మేలు చేసేది ఇదే. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడటం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఊరి ఉపకేంద్రంలో, పల్లె దవాఖానాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పైసా ఖర్చు లేకుండా చూస్తారు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పేరు రాసుకుంటానంటే "మాకేం రోగం లేదు పో" అని పంపించేయకండి.

అయితే బీపీ చూసే పద్ధతి ఒకటుంది. చూసేవాళ్లకు తొందర ఉండొచ్చు, మనకు ఉండకూడదు. సైకిలు తొక్కుకుంటూనో, బస్సు దిగి పరుగునో వచ్చి వెంటనే చెయ్యి చాపితే అంకె ఎక్కువే వస్తుంది. అరగంట ముందు నుంచి బీడీ, చాయ్ ముట్టవద్దు. మూత్రం ఆపుకుని కూర్చోవద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి 5 నిమిషాలు ఊరకే కూర్చోవాలి. చొక్కా చెయ్యి పైకి మడిచి బిగించడం కాదు, చొక్కా తీసి ఒంటి మీదనే పట్టీ కట్టించుకోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చూసేటప్పుడు మాట్లాడకూడదు. ఒకసారి చూసి వదిలేయకుండా కాసేపాగి రెండోసారి చూడమని అడగాలి. వేర్వేరు రోజుల్లో చూసినప్పుడు కూడా పై అంకె 140, కింది అంకె 90 లేదా ఆపైన వస్తుంటే బీపీ ఉన్నట్టే.

బీపీ ఉందని తేలినవాళ్లలో చాలామంది చేసే పని ఒకటుంది. నెల రోజులు గోళీ వేసుకుంటారు, మళ్లీ చూపిస్తే 130 వస్తుంది, "తగ్గింది" అని గోళీ మానేస్తారు. మోటరు నడుస్తుంటేనే మడికి నీళ్లు. మోటరు ఆపేసి "మడి తడిగనే ఉన్నది గదా" అంటే ఎన్ని రోజులుంటుంది? బీపీ అదుపు కోసం 2017లో దేశంలో మొదలైన పథకంలో మొదటి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రాథమిక కేంద్రాల్లో బీపీ గోళీలు ఉచితంగానే ఇస్తున్నారు. కాబట్టి ఖర్చుకు భయపడి మానుకోవలసిన పని లేదు.

బీపీ తర్వాత షుగరు. పరగడుపున 126 లేదా ఆపైన వచ్చి, మరోసారి చూసినా అట్లాగే ఉంటే మధుమేహమే. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 దాటినా అంతే. ఆ తర్వాత కొలెస్ట్రాల్. నలభై దాటినవారు, బీపీ గానీ షుగరు గానీ ఉన్నవారు ఒకసారి చూపించుకోవాలి. ఇంట్లో నాన్నకో అన్నకో 55 ఏళ్లలోపు, అమ్మకో అక్కకో 65 ఏళ్లలోపు గుండెపోటు వచ్చి ఉంటే ఇంకా ముందే చూపించుకోవాలి. దీనికి పరగడుపునే రావాలని చాలామంది తిండి మానుకుని పొద్దంతా ల్యాబు ముందు కూర్చుంటారు. మొదటిసారి చూడటానికి చాలావరకు ఆ అవసరం లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వచ్చినప్పుడు మాత్రం పరగడుపున మళ్లీ చూడమంటారు. రక్తపరీక్షల కోసం 2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ తర్వాత జిల్లాలకూ వచ్చింది. ప్రాథమిక కేంద్రంలో రక్తం తీసి జిల్లా ల్యాబుకు పంపుతారు, డబ్బు కట్టే పని లేదు. పట్నం వచ్చి ప్యాకేజీ కొనేముందు మీ మండలంలోని కేంద్రంలో ఒకసారి అడిగి చూడండి.

వయసు, ఆడా మగా, పొగాకు, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్. ఈ ఆరు సంగతులు చేతిలో ఉంటే రాబోయే పదేళ్లలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం ఎంతో అంచనా వేసే పట్టికలు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. రక్తపరీక్ష వీలుకాని చోట ఎత్తు, బరువు చూసి లెక్కగట్టే పట్టిక కూడా ఉంది. భూసార పరీక్ష కార్డు చూసి ఎంత ఎరువు వేయాలో చెప్పినట్టే, డాక్టరు ఈ అంచనా చూసి ఎవరికి మందు అవసరమో, ఎవరికి బీడీ మానేస్తే సరిపోతుందో చెప్పగలరు. బాధ లేని మనిషికి గుండె పరీక్ష అంటే ముందుగా ఇదే.

మరి ఊళ్లో పెట్టే ఉచిత గుండె శిబిరాల మాటేమిటి? మంచి శిబిరాలు ఉన్నాయి, కాదనలేం. కానీ బీపీ ఒక్కసారి హడావిడిగా చూసి, వచ్చిన ప్రతివాళ్లకూ ఈసీజీ తీసి, అందులో చిన్న గీత తేడా ఉందని పెద్దాసుపత్రి చీటీ రాసిచ్చే శిబిరం వల్ల లాభం కంటే గాబరా ఎక్కువ. ముప్పు తక్కువగా ఉండి, ఏ బాధా లేని మనిషికి ఈసీజీ గానీ టీఎంటీ గానీ తీయడం వల్ల మేలు జరుగుతుందన్న రుజువు లేదు. ఉత్తుత్తి తేడాలు కనిపించి, వాటి వెంట మరో పరీక్ష, దాని వెంట ఇంకో పరీక్ష, చివరికి ఏమీ లేదని తేలేసరికి కోడెదూడ అమ్ముడుపోయి ఉంటుంది.

నడిస్తే పట్టేసే ఛాతీ

ఇక రెండో రకం. బావి గట్టు ఎక్కినా, బస్తా ఎత్తినా, గట్టిగా నడిచినా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు ఉంటుంది. ఎడమ రెక్కకో, దవడకో, వీపుకో గుంజుతుంది. రెండు నిమిషాలు ఆగితే తగ్గుతుంది. మళ్లీ అంతే పని చేస్తే మళ్లీ వస్తుంది. ఈ వరసను గుర్తుపట్టాలి. కొందరికి నొప్పి ఉండదు, దమ్ము వస్తుంది అంతే. ఈ మనిషికి ప్యాకేజీ కాదు, ముందు డాక్టరు కావాలి. ఏ పని చేస్తే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎట్లా తగ్గుతుంది అన్నది డాక్టరుకు సరిగ్గా చెప్పడమే సగం పరీక్ష. ల్యాబు కౌంటరు దగ్గర ఆ ప్రశ్నలు అడిగేవాళ్లుండరు.

ఇక్కడ ఈసీజీ తప్పకుండా తీస్తారు. ఒంటికి తీగలు అంటించి గుండె విద్యుత్తును కాగితం మీద గీతలుగా గీసే యంత్రం అది. పాత గుండెపోటు మచ్చ, గుండె లయ తప్పడం, గోడలు దళసరి కావడం వంటివి పట్టిస్తుంది. కానీ మనిషి హాయిగా పడుకుని ఉన్నప్పుడు తీసే బొమ్మ అది. నడిచినప్పుడే రక్తం చాలని గుండె పడుకున్నప్పుడు మామూలుగానే కనిపించవచ్చు. ఖాళీ బండిని చూసి ఇరుసు బలం చెప్పలేం, బరువెక్కించి చూడాలి.

ఆ బరువెక్కించి చూసేదే టీఎంటీ. కదిలే పట్టా మీద నడిపిస్తూ ఈసీజీ చూస్తారు. 1963లో డాక్టర్ రాబర్ట్ బ్రూస్ పేరున వెలువడిన పద్ధతే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో, కొంచెం ఏటవాలుతో మొదలుపెట్టి ప్రతి 3 నిమిషాలకు వేగం, ఏటవాలు రెండూ పెంచుతారు. నడవగలిగి, నొప్పి కారణం తేలనివారికి ఇది పనికొస్తుంది. మోకాళ్లు అరిగి నడవలేని పెద్దలకు దీనివల్ల ఏమీ తేలదు. వయసులో ఉన్న ఆడవాళ్లలో జబ్బు లేకున్నా ఉన్నట్టు చూపించడం కూడా ఉంది. ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ఇప్పుడే నొప్పి ఉన్న మనిషిని, పడుకున్నా నొప్పి వస్తున్న మనిషిని టీఎంటీ ఎక్కించకూడదు. అది ప్రమాదం. "టీఎంటీ కోసం వచ్చినం" అని చెప్పే ముందు "పొద్దటి నుంచి నొప్పి ఉన్నది" అని చెప్పండి.

నొప్పి లక్షణం గట్టిగా ఉండి, టీఎంటీలో అనుమానం తేలినా, టీఎంటీ చేయడం వీలుకాకపోయినా ఆ తర్వాత సీటీ యాంజియో, అసలు యాంజియోగ్రాం వంటివి వస్తాయి. వీటిని ఎవరికి వారు అడిగి చేయించుకునేది కాదు. ఎక్స్‌రే కిరణాలు, రంగు మందు ఉంటాయి. మూత్రపిండాలు బాగా లేనివారికి ఆ రంగు మందుతో ఇబ్బంది రావచ్చు. కాబట్టి షుగరు, కిడ్నీ సంగతులు ముందే చెప్పాలి.

యాంజియోగ్రాం బల్ల మీద ఉండగానే "అడ్డం ఉంది, స్టెంటు వేయాలి, సంతకం పెట్టండి" అంటే బయట ఉన్న కొడుకు చేతులు వణుకుతాయి. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఇది ఇప్పుడు నడుస్తున్న గుండెపోటా, లేక నిలకడగా ఉన్న జబ్బా?" గుండెపోటే అయితే ఆలస్యం వద్దు, స్టెంటు ప్రాణం నిలుపుతుంది. నిలకడ జబ్బయితే ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. 37 దేశాల్లో 5 వేలకు పైగా రోగులతో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. నిలకడగా ఉన్న జబ్బులో మందులు సక్రమంగా వాడినవాళ్ల కంటే, ముందే స్టెంటో ఆపరేషనో చేయించుకున్నవాళ్లలో చావులు తగ్గలేదని అది తేల్చింది. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఉపశమనం బాగా కనిపించింది. ఎడమ ప్రధాన నాళంలోనే అడ్డం ఉన్నవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు కాబట్టి వారికి ఈ మాట వర్తించదు. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకుంటామని అడగడంలో తప్పు లేదు. పొలం కొనేముందు పదిమందిని అడగమా?

స్టెంటు ధర సంగతి కూడా తెలిసి ఉండాలి. ఒకప్పుడు లక్షకు పైగా వసూలు చేసిన మందు పూత స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర 29,600 రూపాయలుగా కట్టింది. ఆ తర్వాత ధర మారుతూ వచ్చినా పరిమితి మాత్రం ఉంది. బిల్లులో స్టెంటు పేరు, ధర విడిగా రాయించుకునే హక్కు మనకుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో గుండె చికిత్సలు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్రను వెతికి, ఈ చికిత్స ఇక్కడ పథకం కింద చేస్తారా అని అడిగాకే అడ్వాన్సు సంగతి మాట్లాడండి. గుండెపోటు వచ్చిన గంటలో మాత్రం ఈ విచారణలు పెట్టుకోవద్దు, దగ్గరలో ఎక్కడ చూస్తే అక్కడికే.

ఎకో దేనికి?

ఎకోను ఈసీజీకి పెద్దన్నగా అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. కడుపుతో ఉన్నవారికి స్కానింగు తీసినట్టే శబ్ద తరంగాలతో గుండెను చూసే పరీక్ష ఇది. గుండె ఎంత బలంగా కొడుతోంది, కవాటాలు సరిగా మూసుకుంటున్నాయా, గదులు ఉబ్బాయా అన్నవి చెబుతుంది. నాళాల్లో కొవ్వు ఎంత పేరుకుందో మాత్రం చెప్పదు. "ఎకోల అరవై శాతం వచ్చింది, అరవై శాతం బ్లాకు ఉన్నదట" అని కంగారు పడేవాళ్లున్నారు. ఆ అరవై గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం పాలు. 55 పైన ఉంటే మంచిదే. మొత్తం నూరు శాతం ఎవరికీ రాదు.

ఎకో నిజంగా అవసరమైనచోట పల్లెల్లో అది జరగడం లేదు. పిల్లలకు, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య, గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గుతుంది. రెండు మూడు వారాలకు ఒక కీలు తర్వాత ఒక కీలు వాచి నొప్పి పెడుతుంది. "వానల తడిసిండు, వాతం పట్టింది" అని తైలం రాసి ఊరుకుంటారు. అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్ల వాపు పోతుంది కానీ గుండె కవాటాలకు దెబ్బ మిగిలిపోతుంది. ఏళ్లు గడిచాక ఆ పిల్ల పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు ఆరో ఏడో నెలలో ఆయాసం మొదలవుతుంది. రాత్రి వెల్లకిలా పడుకోలేదు, లేచి కూర్చుంటుంది. "కడుపుతోని ఉంటే ఆయాసం ఉండదా" అంటారు ఇంటి పెద్దలు. కడుపుతో ఉన్నప్పుడు కొంత ఆయాసం మామూలే. పడుకుంటే ఎక్కువై కూర్చుంటే తగ్గే ఆయాసం, కాళ్ల వాపు, దగ్గులో రక్తపు చారలు మాత్రం మామూలు కాదు. ఆమెకు ఎకో ఆ వారంలోనే కావాలి. ముందే పట్టుబడితే మూడు వారాలకో పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా వేయించడంతో జబ్బు ముదరకుండా ఆపవచ్చు. సూది మధ్యలో మానడమే చాలామంది కొంప ముంచుతుంది. మగవాళ్ల గుండెపోటు మాట వచ్చినంతగా ఈ జబ్బు మాట ఇళ్లల్లో రాదు. నాట్లేసే ఆడవాళ్ల ఆయాసాన్ని ఎవరూ లెక్కపెట్టకపోవడం దానికొక కారణం.

నొప్పి ఇప్పుడే ఉంటే

మూడో రకం మనిషికి పరీక్షలు ఎంచుకునే సమయం లేదు. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు 15, 20 నిమిషాలకు కూడా తగ్గకపోతే, చెమటలు పట్టి వాంతి వచ్చినట్టుంటే, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే గుండెపోటే అనుకుని కదలాలి. షుగరు ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, ముసలివాళ్లకు నొప్పి అంతగా లేకుండా ఆయాసం, చల్లచెమట, విపరీతమైన నీరసంతోనే రావచ్చు. "గ్యాసు పట్టింది" అని సోడా, వాము నీళ్లు, ఆ పైన ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, "పొద్దుగాల చూద్దాం". ఇట్లా పోయే గంటలే ప్రాణం తీస్తున్నాయి. గడ్డను కరిగించే మందు పోటు మొదలైన 12 గంటల్లోపు ఇస్తేనే ఫలం, మొదటి ఒకటి రెండు గంటల్లో అయితే ఫలం ఎంతో ఎక్కువ. మిర్చి ఏరుతున్నప్పుడు ఎండకు పట్టే చెమటను, ఈ చల్లచెమటను కలిపేసుకోవద్దు. నీడకు వచ్చినా ఆగని చెమటను అనుమానించాలి.

108కు ఫోన్ చేయండి. 2005 నుంచి తెలుగునాట నడుస్తున్న ఈ బండిలో దారిలోనే ఆక్సిజన్, మందులు అందుతాయి. రోగిని మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోవడం, రోగే బండి నడుపుకుంటూ పోవడం రెండూ తప్పు. ఆస్ప్రిన్ పడనివారు, కడుపులో పుండు ఉండి రక్తం పోయినవారు తప్ప మిగతావారు 300 మిల్లీగ్రాముల ఆస్ప్రిన్ గోళీ నమిలి మింగవచ్చు. 108 వాళ్లను గానీ డాక్టరును గానీ ఫోన్లో అడిగి వేసుకోవడం మేలు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ గోళీని మాత్రం పక్కింటివాళ్లు ఇచ్చారని పెట్టుకోవద్దు. బీపీ పడిపోయి ఉంటే అది కీడు చేస్తుంది.

ఆసుపత్రికి చేరగానే పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. ఇక్కడ ఈసీజీయే రాజు. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన లేచి ఇంటికి రావద్దు. నొప్పి ఉంటే కాసేపటికి మళ్లీ తీస్తారు. గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే పదార్థాన్ని కూడా చూస్తారు. అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రెండోసారి రక్తం తీస్తే "మళ్లా డబ్బులకే" అని అనుమానించకండి. ఈ రెండో పరీక్ష అవసరమైనదే.

పురుగుమందు కొట్టి వచ్చిన రోజు ఛాతీ పట్టేసి చెమటలు పోస్తుంటే ఇంకో అనుమానం కూడా ఉంది. నోట్లో చొంగ కారుతూ, కళ్లు మసకబారి, కంటిపాప సూదిమొనంత చిన్నదై, కడుపులో తిప్పుతుంటే అది మందు విషం కావచ్చు. విరుగుడు వేరు, తొందర మాత్రం అదే. ఏ మందు కొట్టారో డాక్టరుకు చెప్పాలి. డబ్బా గానీ దాని మీది కాగితం గానీ వెంట తీసుకుపోవాలి. విషపు బట్టలు విప్పేసి ఒళ్లు సబ్బుతో కడగాలి.

పెద్దాసుపత్రి అంటే హైదరాబాదే అన్న భయం వరంగల్ వాసులకు ఇప్పుడు అంత అక్కరలేదు. ఎంజీఎంతో పాటు, 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాల ఆవరణలో ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్ష యోజన కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కూడా ఉంది. పోటు వచ్చిన మనిషిని హైదరాబాద్ దాకా నేరుగా తోలుకుపోయే ముందు వరంగల్లోనే ఈసీజీ తీయించి, గడ్డ కరిగించే మందు ఇక్కడే ఇవ్వవచ్చేమో అడగాలి. ఆ తర్వాత ఎక్కడికి పంపినా పంపవచ్చు.

చివరగా కాగితాల మాట. పట్టాదారు పాసుపుస్తకాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో దాచే రైతు, ఈసీజీ కాగితాన్ని మాత్రం చూరులో చెక్కి మరిచిపోతాడు. కొత్త ఈసీజీలో కనిపించే గీత ఇవాళ వచ్చిందా, పదేళ్ల నుంచి ఉందా అన్నది పాత ఈసీజీ పక్కన పెట్టుకుంటేనే డాక్టరుకు తెలుస్తుంది. వేడి తగిలితే ఈసీజీ కాగితం మీది గీతలు మాసిపోతాయి కాబట్టి దాన్ని జిరాక్స్ తీయించి పెట్టుకోవాలి. దాంతోపాటే బీపీ, షుగరు అంకెలు తేదీలతో రాసుకున్న చిన్న నోటు పుస్తకం, వాడుతున్న గోళీల ఖాళీ అట్టలు ఒక సంచిలో వేసి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి తెలిసేటట్టు చూసుకోండి.